రాంనగర్ మేడ మీద యాపిల్ గింజలు: నాలుగున్నరేళ్ల కేస్ స్టడీ

గార్లదిన్నె దగ్గర మాది చీనీ (బత్తాయి) నర్సరీ. జంబేరి, రంగపూర్ నిమ్మ మొలకల మీద చీనీ కన్ను కట్టి, అంటే మొగ్గను అంటుగట్టి, అమ్మడం మా నాన్న కాలం నుంచీ చేస్తున్న పని. యాపిల్ గురించి పండ్ల బండి దగ్గర ధర అడగడం తప్ప నేనెప్పుడూ ఆలోచించలేదు. 2020 నవంబరు చివర్లో, హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సార్ స్కూటర్ ముందర ఒక పూలకుండీ పెట్టుకొని అనంతపురం రాంనగర్ నుంచి వచ్చారు.

"ఏమప్పా, దీంట్లో పన్నెండు గింజలు పెట్టి యాభై రోజులైంది. ఒక్కటీ లేయలేదు. మట్టిలో తప్పా, నా చేతిలో తప్పా చూసి చెప్పు" అన్నారు.

గింజలు పెట్టించింది ఆయన మనవరాలు. అప్పటికి ఆరేళ్లు. కరోనాతో బడులు లేవు, పిల్లకు ఇంట్లో పొద్దు పోవడం లేదు. సప్తగిరి సర్కిల్లో కొన్న యాపిల్ తింటూ గింజలు ఉమ్మి, "తాతా, ఇవి నాటితే మనకూ కాస్తాయా?" అని అడిగిందట. ఒక గింజ మింగేసిందని వాళ్ల జేజికి, అంటే అవ్వకు, టెన్షన్ కూడా. యాపిల్ గింజలో అమిగ్డలిన్ ఉంటుంది, నమిలితే అందులోంచి కొద్దిగా సైనైడ్ పుడుతుంది. ఆ మాట ఫోన్‌లో చూసి భయపడ్డారు. ఒకటి రెండు గింజలు మింగితే ఏమీ కాదు, అవి అలాగే బయటికి పోతాయి.

కుండీ బోర్లించి మట్టి జల్లిస్తే తొమ్మిది గింజలు దొరికాయి. మూడు మెత్తబడి కుళ్లాయి. ఆరు మాత్రం నిన్న పెట్టినట్టు గట్టిగా ఉన్నాయి. ఒకదాని పొర గోటితో ఒలిస్తే పప్పు తెల్లగా, నిగనిగలాడుతూ ఉంది. గింజ బతికే ఉంది, నిద్ర లేవలేదంతే.

యాపిల్ పుట్టిల్లు కజకిస్తాన్ వైపు తియాన్ షాన్ కొండలు. దాని అడవి జాతి అక్కడ ఇప్పటికీ ఉంది. అక్కడ పండు రాలేది చలికాలం ముందు. రాలిన వెంటనే గింజ మొలిస్తే మంచుకు మొలక చచ్చిపోతుంది. అందుకే మొలకను పట్టి ఆపే పదార్థాలు గింజలోనే ఉంటాయి. తడిగా, 1 నుంచి 5 డిగ్రీల చలిలో రెండు మూడు నెలలు గడిపితేనే ఆ పట్టు సడలుతుంది. అనంతపురం మట్టిలో ఆ చలి ఏ నెలలోనూ ఉండదు. సార్ చేతిలో తప్పేమీ లేదు. ఆ సంగతే చెప్పి, "ఫ్రిజ్ ఉంది కదా సార్, అదే మన కాశ్మీరు" అన్నాను. ఆయన నవ్వలేదు, డైరీ తీసి రాసుకున్నారు. ఈ కేసులోని లెక్కలన్నీ ఆ డైరీలోవే.

ఫ్రిజ్‌లో ఎనభై రోజులు

మళ్లీ పండ్లు కొని 22 గింజలు తీశాం. కొన్ని సిమ్లా పండ్లవి, కొన్ని విదేశీ పండ్లవి. ఒక్కో యాపిల్లో అయిదు గదులుంటాయి, మామూలుగా గదికి రెండు గింజలు, అంటే పది దాకా రావాలి. మాకు పండుకు నాలుగో అయిదో వచ్చాయి, తక్కినవి తాలు. నీళ్లలో వేసి తేలినవాటిని పారేయమని చాలామంది చెబుతారు. తేలిన రెండింటిని పట్టుబట్టి ఉంచాను, వాటిలో ఒకటి తర్వాత మొలిచింది. కాబట్టి చేత్తో నొక్కి చూడటమే మేలు. తాలుదైతే నొక్కగానే సొట్ట పడుతుంది.

గుజ్జు పోయేలా కడిగి, పిండేసిన కొబ్బరి పొట్టులో కలిపి, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాం. పొట్టును గుప్పిట్లో బిగిస్తే నీటి చుక్క రాకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. తడి అంటే అంతే. డబ్బాను ఫ్రిజ్‌లో కూరగాయల అరలో డిసెంబరు 1న పెట్టాం. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, నానిన గింజ గడ్డ కట్టి చస్తుంది. పక్కన మాగిన పండ్లు లేకుండా చూసుకోమని కూడా చెప్పాను. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుతో ఎందుకొచ్చిన గొడవ!

సంక్రాంతికి ఫ్రిజ్ కడిగారు. జేజమ్మ ఆ డబ్బాను బూజు పట్టిన కాఫీ పొడి అనుకొని చెత్తబుట్టలో వేశారు. రెండో రోజు సాయంత్రం పిల్ల చూసి, ఏడ్చి, వెతికి తెచ్చుకుంది. అప్పటికి అయిదు గింజల మీద బూజు. వాటిని తీసేసి, మిగిలిన 17ను మళ్లీ కడిగి కొత్త పొట్టులో పెట్టించాను. రెండు రోజుల వేడికి చేసిన చలి అంతా వృథా అయిందేమోనని నాకు అనుమానమే. వృథా కాలేదు. ఫిబ్రవరి 8న ఒక గింజ కొన చిట్లి, బియ్యపు గింజ ముక్కులాంటి తెల్లటి వేరు బయటపడింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోటో వచ్చింది. ఫిబ్రవరి 20కి, అంటే సుమారు 80 రోజులకు, పదమూడు మొలిచాయి. నాలుగు చివరిదాకా లేవలేదు.

నర్సరీ నుంచి నల్ల కవర్లు పంపాను. ఎర్రమట్టి, కడిగిన ఇసుక, వర్మీకంపోస్టు సమపాళ్లు. వేరు కిందికి వచ్చేలా, సెంటీమీటరు లోతున పెట్టారు. వారం తిరగకముందే జత ఆకులు లేచాయి. అయితే ప్రేమ ఎక్కువైంది. తాత పొద్దున పోసిన నీళ్లకు మనవరాలు సాయంత్రం ఇంకోసారి పోసేది. మూడు మొలకలు నేల దగ్గర కాడ నల్లబడి వాలిపోయాయి. నారుకుళ్లు. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిపించాను, నీళ్లు రెండు రోజులకోసారి చేయించాను. పది మిగిలాయి.

మొదటి ఎండాకాలం

ఇక్కడే అసలు పాఠం ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఫిబ్రవరి చివర మొలిచిన మొక్కకు అనంతపురంలో ఎదురయ్యేది ఏప్రిల్, మే. నీడలోనే 40 డిగ్రీలు దాటే నెలలు. అందరూ "మన ఎండకు యాపిల్ ఎక్కడ తట్టుకుంటుందప్పా" అన్నవాళ్లే. నేనూ అలాగే అనుకున్నాను. సార్ పది కవర్లలో ఆరింటిని మేడ మీద గ్రీన్ షేడ్ నెట్ కింద పెట్టారు. నాలుగింటిని స్థలం చాలక వాకిట్లో వేపచెట్టు కింద పెట్టారు. మే 20కి మేడ మీద అయిదు పోయాయి. వేపచెట్టు కింద నాలుగూ బతికాయి.

మేడ మీద బతికిన ఆ ఒక్కటి ఎక్కడుందో చూడటానికి నేనే మధ్యాహ్నం రెండింటికి మెట్లెక్కాను. నీళ్ల ట్యాంకు వెనక, గోడ మూలన ఉంది. పైన అదే నెట్, గాలి అదే, వేడి అదే. తేడా ఒకటే: దాని కవరు మీద మధ్యాహ్నం ఎండ పడటం లేదు. చచ్చిన మొక్కల కవర్లలో ఒకదాంట్లో వేలు గుచ్చితే రెండు క్షణాలు ఉంచలేకపోయాను. పక్కనుంచి పడే ఎండకు నల్ల ప్లాస్టిక్, కింద కాలిన సిమెంటు, మధ్యలో గుప్పెడు మట్టి. వేర్లు ఉడికిపోయాయి. ఆకు మాత్రం అంచులు మాడినా బతికే ఉంది. వాడిన మొక్కను చూసి సార్ ఇంకా నీళ్లు పోసేవారు. కాలిన మట్టిలో నీళ్లు పోస్తే వేరు ఇంకా తొందరగా పోతుంది.

ఇరవై ఏళ్లుగా నర్సరీ నడుపుతూ నేను గమనించని సంగతి ఇది. మా చీనీ మొలకల కవర్లు వేలకు వేలు ఒకదాన్నొకటి ఆనుకొని మడిలో ఉంటాయి. అంచు వరస తప్ప దేనికీ పక్క ఎండ తగలదు. అంచు వరస మొక్కలు ఎందుకు గిడసబారుతాయో నాకు ఆ మేడ మీద అర్థమైంది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. డిసెంబరులో ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఉగాదికి పెట్టండి, మృగశిర కార్తెకు బయటికి తీయండి. మధ్యలో రెండు నెలల పైచిలుకు చలి దొరుకుతుంది, మొలక బయటికొచ్చేసరికి ఎండలు తగ్గి గాలి మారుతుంది, వచ్చే ఎండాకాలానికి మొక్కకు పది నెలల వేరు ఉంటుంది. యాపిల్ పండ్లు కోల్డ్ స్టోరేజీ పుణ్యమా అని మార్చిలోనూ దొరుకుతాయి. ఆ పండ్ల గింజలకు గోదాములోనే కొంత చలి తగిలి ఉంటుంది కూడా. కోసిన పండులోనే మొలకెత్తిన గింజ కనిపించడం అందుకే.

నా తప్పు

2021 ఆగస్టుకి అయిదు మొక్కలు జానెడున్నర ఎత్తున్నాయి. ఆకులు పసుపు పడుతున్నాయని సార్ ఫోన్ చేస్తే, చూడకుండానే నత్రజని లోపం అని చెప్పి చిటికెడు యూరియా వేయమన్నాను. పది రోజులకు ఇంకా పసుపు పడ్డాయి, కొత్త చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. వెళ్లి చూస్తే సిగ్గేసింది. నత్రజని లోపమైతే ముందు ముదురాకు పసుపవుతుంది. ఇక్కడ ముదురాకు పచ్చగానే ఉంది, లేతాకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ఇనుప ధాతు లోపం. చీనీ తోటల్లో రోజూ చూసే జబ్బే. మా దగ్గర చీనీ రైతు పిల్లవాడైనా చెప్పేస్తాడు.

మట్టిలో ఇనుము లేక కాదు. నీళ్లు ఏం పోస్తున్నారని అడిగాను. జేజమ్మ బకెట్ చూపించారు. ఇంట్లో ఆర్వో మెషీన్ ఉంది. మా జిల్లాలో ఫ్లోరైడ్ భయానికి చాలా ఇళ్లలో ఉంటుంది. అది వదిలేసే నీళ్లు వృథా పోకూడదని పట్టి మొక్కలకు పోస్తున్నారు. కరువు సీమలో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు, తప్పుపట్టలేం. కానీ బోరు నీళ్లలోని ఉప్పంతా ఆ బకెట్లోనే చిక్కబడి ఉంటుంది. నర్సరీకి తెచ్చి చూస్తే పీహెచ్ 8.4. ఆ క్షారంలో ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికోసారి మూడు సార్లు ఆకుల మీద కొట్టించాను. ఆ బకెట్ బాత్రూమ్ కడగడానికి మళ్లింది. మొక్కలకు వాన నీళ్లు, అవి లేనప్పుడు కుళాయి నీళ్లు. సెప్టెంబరు చివరికి కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పాత పసుపు ఆకులు మాత్రం మళ్లీ పచ్చబడవు, రాలిపోవలసిందే.

ఆ నవంబరులో వానలు విరుచుకుపడ్డాయి. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ నవంబరులోనే. మామూలుగా ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన కురిసే ఊళ్లో కవర్ల అడుగు చిల్లులు మట్టితో మూసుకుపోయినా ఎవరూ పట్టించుకోరు. ఒక మొక్క నీళ్లు నిలిచి వేరు కుళ్లింది. నాలుగు మిగిలాయి.

చలి లేని చలికాలం

డిసెంబరులో ఆకు రాలుతుందని పిల్ల ఎదురు చూసింది, పుస్తకంలో బొమ్మ చూసిందట. రాలలేదు. పెరుగుదల ఆగింది, ఆకులు ముదిరి, చిల్లులు పడి, కొమ్మను పట్టుకొనే ఉన్నాయి. ఫిబ్రవరిలో కొన మొగ్గ ఒక్కటే విచ్చుకుంది, పక్క మొగ్గలు కళ్లు మూసుకునే ఉన్నాయి. మొక్క కర్రకు చీపురు కట్టినట్టు తయారైంది.

గింజకు కావాల్సిన చలి ఒకటి, చెట్టుకు ప్రతి ఏడాదీ కావాల్సిన చలి ఇంకొకటి. మొదటిది ఫ్రిజ్ ఇచ్చింది. రెండోది ఎవరిస్తారు? 7 డిగ్రీల కన్నా తక్కువలో గడిచిన గంటలను లెక్కపెడతారు. కాశ్మీరు, సిమ్లా రకాల్లో చాలావాటికి 800 నుంచి 1200 గంటలు కావాలి. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు 15, 17 డిగ్రీల దగ్గర ఆగుతాయి. మన లెక్క సున్నా. ఎండకు చస్తుందని భయపడ్డ చెట్టు ఎండకు చావలేదు, చలి లేక నిద్రపోవడం లేదు, నిద్రపోక లేవడం లేదు.

మరి మార్గం లేదా అంటే, మా రైతులు దానిమ్మకు చేసేదే మార్గం. నీళ్లు ఆపి బెట్ట పెట్టడం, ఆకు దూసేయడం, తర్వాత ఒక్కసారిగా నీళ్లు వదలడం. ఇండోనేషియాలో తూర్పు జావాలోని బటు ప్రాంతంలో యాపిల్‌కు చేసేదీ దాదాపు ఇదే. కోత అయిన నెల రోజులకు చేత్తో ఆకు దూసేస్తారు, మొగ్గలు గాఢ నిద్రలోకి జారకముందే లేపేస్తారు, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. అది కొండ ఊరు, మనకన్నా చల్లన. అయినా చలి గంటల లెక్కలో అక్కడా పెద్దగా ఏమీ రాదు.

కన్ను కట్టడం

2022 జూలైలో రెండు మొక్కలు మా నర్సరీలో నేలలో నాటాను. ఒకటి సార్ వాకిట్లో నాటాం. నాలుగోది పెద్ద డ్రమ్ములో మేడ మీదే ఉండి, 2023 మేలో ఇంటిల్లిపాదీ పదిరోజులు బెంగళూరు కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు ఎండిపోయింది.

ఈలోగా నేను సార్‌కు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. ఈ చెట్లు కాసినా, వాళ్లు తిన్న పండు కాయవు. బేనీషా మామిడి టెంక పెడితే బేనీషా రాదని మన దగ్గర అందరికీ తెలుసు. అయినా యాపిల్ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతారు. నేనూ మరిచిపోయేవాణ్ణే, ఎందుకంటే నా చేతిలో ఉన్న జంబేరి గింజ చాలావరకు తల్లినే పోలి వస్తుంది. ఒక్కో గింజలో తల్లి కణం నుంచే పుట్టిన పిండాలు ఉంటాయి కాబట్టి అలా. యాపిల్ అలా కాదు. తన పుప్పొడి తనకు పనికిరాదు, వేరే రకం పుప్పొడి కావాలి. కాబట్టి ప్రతి గింజా రెండు రకాల సంకరం, ప్రతి మొక్కా కొత్త రకం. ఎక్కువ భాగం పుల్లగా, చిన్నగా, పనికిరానివి వస్తాయి. పైగా పూతకు ఆరేడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు.

ఇదంతా విని సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే పాప నాటింది ప్రపంచంలో ఇంకెక్కడా లేని చెట్టన్నమాట" అన్నారు. లెక్కల మాస్టారు కదా. ఆ మాటా నిజమే. గ్రానీ స్మిత్ 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఒక ముసలమ్మ పెరట్లో తనంతట తాను మొలిచిన మొక్క. హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లాలో హరిమన్ శర్మ అనే రైతు పెరట్లో, తిని పారేసిన గింజల నుంచి వచ్చిన మొక్కల్లో ఒకటి వేడి ప్రాంతంలోనూ కాసింది. దాన్నే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అంటున్నారు. ఆయనకు 2025లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ మన పెరటి మొక్కకు అలాంటి లాటరీ తగులుతుందని నమ్మి కూర్చోలేం.

అందుకే నర్సరీ నేలలోని రెండు మొక్కలను వేరుమూలంగా, అంటే వేరే రకం కన్ను కట్టే కింది మొక్కలుగా, వాడాను. ఒక హెచ్‌ఆర్‌ఎంఎన్-99 మొక్క, ఒక అన్నా మొక్క తెప్పించి నర్సరీలో పెంచుతున్నాను. అన్నా ఇజ్రాయెల్‌లో పుట్టిన రకం, 200, 300 గంటల చలికే సరిపెట్టుకుంటుంది. 2023 ఆగస్టులో, బెరడు సులువుగా లేస్తున్నప్పుడు, పెన్సిల్ లావు కాడ మీద నేలకు జానెడు ఎత్తున హెచ్‌ఆర్‌ఎంఎన్ కన్ను కట్టాను. చీనీకి కట్టినట్టే ఇంగ్లిషు టీ ఆకారంలో గాటు. యాపిల్ బెరడు చీనీ కన్నా పలచన, కత్తి కొంచెం ఒత్తినా కట్టెలోకి దిగుతుంది. మొదటి రెండు కన్నులు అలాగే పోగొట్టాను. మొత్తం ఆరు కడితే నాలుగు పట్టాయి. రెండు చెట్లకూ కనీసం ఒకటి దక్కింది.

2024 డిసెంబరు మొదటి వారంలో నీళ్లు తగ్గించి, మూడో వారంలో చేత్తో ఆకు దూసేశాను. పిల్ల కూడా వచ్చి తన ఎత్తుకు అందిన కొమ్మ ఆకులు దూసింది. అప్పటికి దానికి పదేళ్లు. జనవరి ఆఖరులో ఒక చెట్టుకు పూత, పక్కనే అన్నాకూ పూత. తొమ్మిది పిందెలు నిలిచాయి, గాలికి, నా అజాగ్రత్తకు ఆరు పోయాయి. జూన్ రెండో వారంలో మూడు పండ్లు కోశాం. తూకం వేస్తే 85, 97, 110 గ్రాములు. పసుపు మీద ఒకవైపు ఎరుపు, కండ కొంచెం మెత్తన, పులుపు ముందు తగిలి తర్వాత తీపి. జేజమ్మ తొక్క తీయకుండా తిని, "బండి మీద కాయ కన్నా రుచిగా లేదు గానీ, మనది" అన్నారు. మార్కెట్‌కు పనికొచ్చే కాయ కాదు. మా పక్క రైతు నాలుగెకరాల్లో వేద్దామా అని అడిగితే వద్దన్నాను. చీనీ, దానిమ్మ ఉండగా దీని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఇంకో మాట. "ఏడాదికే కాపు" అని రోడ్డు పక్కన అమ్మే యాపిల్ మొక్కలు కొని నా దగ్గరికి తెచ్చినవాళ్లు ఇప్పటికి అయిదారుగురు. అందులో నాలుగు యాపిల్ బేర్ మొక్కలు, అంటే రేగు. ఆకు వెనక తెల్లటి నూగు, కొమ్మ మీద ముల్లు చూస్తే తెలిసిపోతుంది. రేగు మన సీమకు మంచి పంటే, యాపిల్ పేరు తగిలించడంతోనే తగాదా.

ఇప్పుడు లెక్క ఇదీ. మొదట మట్టిలో నేరుగా పెట్టిన 12 గింజల నుంచి సున్నా. ఫ్రిజ్‌లో పెట్టిన 22 నుంచి 13 మొలకలు, బతికిన చెట్లు మూడు, అందులో అంటు కట్టినవి రెండు. వాకిట్లోది గింజ చెట్టుగానే ఉంది. దానికి కన్ను కట్టడానికి పిల్ల ఒప్పుకోలేదు. ఎనిమిదడుగుల ఎత్తు, ఇంతవరకు ఒక్క పువ్వూ లేదు. ఈ డిసెంబరులో దానికీ ఆకు దూసి చూస్తాను, పూస్తుందని మాత్రం సార్‌కు మాట ఇవ్వలేదు.

2025 ఉగాదికి, మార్చి 30న, ఇంకో 18 గింజలు ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. జూన్ 8న తీస్తే 15 మొలిచి ఉన్నాయి, ఆగస్టుకి 14 బతికున్నాయి. అన్నీ వేపచెట్టు కిందే, కవర్లన్నీ ఒకదాన్నొకటి ఆనించి, అంచు వరసకు తడిపిన గోనెపట్టా చుట్టి. ఖాళీ అయిన డబ్బా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. మూత మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు: "జేజీ, ఇది కాఫీ పొడి కాదు."